గేటు దగ్గర తీర్పు నీదే

చిరంజీవి మేనల్లుడికి,

మొన్న ఫోన్లో నువ్వు మీ రాజపాలయం కుక్క శంఖు గురించి చెప్పినవన్నీ విన్నాక, ఇది మాటల్లో తేలేది కాదని రాస్తున్నాను. పది నెలలకే పిలిస్తే రావడం మానేసిందనీ, గేటు దగ్గరికి ఎవరొచ్చినా మీదికి ఉరుకుతోందనీ అన్నావు. నువ్వు మాట్లాడిన ట్రైనర్ మెడకు బిగుసుకునే గొలుసు వేసి పైకి లాగాడట. "యజమాని ఎవరో దానికి తెలియాలి" అన్నాడట. అతనికి డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం ఆసాంతం చదువు.

అన్నిటికంటే ముందు దానికి చెవులు వినబడుతున్నాయో లేదో చూసుకో. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలోనూ ఉండి వినికిడిని కాపాడతాయి. అవి లేకపోతే పుట్టిన కొద్ది వారాల్లోనే వినికిడి పోతుంది. రాజపాలయం లాంటి తెల్ల కుక్కల్లో చెవుడు ఎక్కువ కనబడటానికి కారణం ఇదే. రెండు చెవులూ పోయిన పిల్ల తొందరగానే బయటపడుతుంది. ఒక్క చెవి పోయినదాన్ని పట్టుకోవడం కష్టం. దానికి శబ్దం వినబడుతుంది గానీ, ఎటునుంచి వచ్చిందో తెలియదు. పిలిస్తే తల ఎత్తి, అటూ ఇటూ చూసి, మళ్లీ పడుకుంటుంది. మనం దానికి పొగరంటాం.

అది నీకు వీపు పెట్టి పడుకున్నప్పుడు, నీ అడుగుల అదురు తగలనంత దూరంలో నిలబడి తాళాల గుత్తి ఆడించు. ఓసారి ఎడమవైపు నుంచి, కాసేపాగి కుడివైపు నుంచి. చెవి కదిలిందా, సరైన వైపుకే తిరిగిందా చూడు. అనుమానంగా ఉంటే పశువుల డాక్టరుకు చెప్పు. శబ్దం మెదడుదాకా చేరుతోందో లేదో కొలిచే పరీక్ష ఉంది. చెవుడని తేలినా బెంగపడకు. కుక్కలు నోటిమాటకన్నా చేతి సైగను త్వరగా పట్టుకుంటాయి. వినబడే కుక్కకైనా సైగా మాటా కలిపి నేర్పడమే మంచిది.

ఇక మొండితనం సంగతి. ఇది రాజపాలయం ఊళ్లోని రాజుల ఇళ్లలో పెరిగిన జాతి. వాళ్లు విజయనగర కాలంలో మన తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లి స్థిరపడ్డవాళ్లు, ఇప్పటికీ ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్క జాతుల మీద స్టాంపులు వేస్తే వాటిలో ఈ జాతి ఒకటి. అడవిపంది వేటకూ, ఇళ్లూ పొలాల కాపలాకూ దీన్ని పెంచారు. పంది ఎదురు తిరిగినప్పుడు యజమాని ఏం చెబుతాడా అని వెనక్కి చూసే కుక్క బతకదు. అర్ధరాత్రి గోడ దూకినవాణ్ణి చూసి ఎవరైనా లేచేదాకా ఆగే కుక్క కాపలాకు పనికిరాదు. తనంతట తాను నిర్ణయించుకునే వాటినే ఎంచుకుని తరతరాలుగా పిల్లలు పెట్టించారు. మీ పక్కింటి లాబ్రడార్ తాతముత్తాతలది వేటగాడి పక్కన నిలబడి, చెప్పినప్పుడే వెళ్లి పిట్టను తెచ్చే పని. ఆ రెండింటినీ పోల్చి శంఖును తక్కువ చేయకురా. అది నిన్ను ధిక్కరించడం లేదు, దాని పని అది చేస్తోంది. దాని బుద్ధిని చంపకుండా, గేటు దగ్గర నిర్ణయం మాత్రం నీ చేతిలోకి తెచ్చుకోవాలి. నువ్వు నేర్పాల్సింది అంతా ఇదే.

కొట్టి లొంగదీసే పద్ధతి ఎక్కడిదో కూడా తెలుసుకో. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన, బంధించి ఉంచిన తోడేళ్లు పెత్తనం కోసం ఎలా కొట్టుకుంటాయో రాశాడు. 1970లో డేవిడ్ మెక్ పుస్తకంతో ఆ భావన ఊరూరా పాకి, కుక్కలనూ అలాగే లొంగదీయాలనే మాటకు ఆధారమైంది. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించిన మెక్‌ గారే 1999లో దాన్ని సరిదిద్దారు. అడవిలో తోడేళ్ల గుంపంటే చాలావరకు తల్లీ, తండ్రీ, వాళ్ల పిల్లలే. పెద్దవి పెత్తనం గెలుచుకోవు, కన్నాయి గనక దారి చూపిస్తాయి. వెనక్కి తీసుకున్న ఆ మాటను పట్టుకుని నీ కుక్క గొంతు బిగించనిస్తావా? పైగా ఈ జాతి ఒక్కసారి మనిషి మీద నమ్మకం పోగొట్టుకుంటే తిరిగి రావడం చాలా కష్టం.

గేటు దగ్గర ఏం జరుగుతోందో దాని వైపు నుంచి చూడు. డెలివరీ కుర్రాడు వస్తాడు, అది మొరుగుతుంది, అతను పొట్లం ఇచ్చి వెళ్లిపోతాడు. అతని పని అయిపోయింది గనక వెళ్లాడని మనకు తెలుసు. తను మొరిగితేనే వెళ్లాడని శంఖు అనుకుంటుంది. రోజుకు నాలుగైదుసార్లు దానికి ఈ గెలుపు దొరుకుతోంది. అందుకే రోజురోజుకూ రెచ్చిపోతోంది. నువ్వు అరిస్తే, నువ్వూ దానికి తోడు మొరుగుతున్నావనే అనుకుంటుంది.

కాబట్టి దానికి వేరే పని ఇవ్వు. వరండాలో గేటు కనబడేచోట ఒక పాత చాప వెయ్యి. మొదట గేటు ఊసే వద్దు. "చాప" అని చేత్తో చూపించు, ఎక్కగానే ఉడికించిన కోడిమాంసం చిన్న ముక్క పెట్టు. అక్కడ పడుకుని ఉంటే ఇంకో ముక్క. పూటకు ఐదు నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపెయ్యి. అది తనంతట తానే చాప మీదికి వెళ్లడం మొదలుపెట్టాక, బయట ఎవరూ లేనప్పుడు కాలింగ్ బెల్ నువ్వే కొట్టు, చాప చూపించు. తర్వాత ఇంట్లోవాళ్లను బయటినుంచి రమ్మను. ఆ తర్వాతే కొత్తవాళ్లు, వాళ్లూ మొదట దూరంగా రోడ్డవతల. ముక్క పెట్టినా తినడం లేదంటే దగ్గరికి తెచ్చేశావని అర్థం, వెనక్కి జరుగు. ఇదంతా అయ్యేదాకా గేటుకు దానికి మధ్య ఇంకో తలుపు వేసి ఉంచు. పాత గెలుపులు ఆగకపోతే కొత్త పాఠం నిలవదు. గొలుసుతో గేటుకు మాత్రం కట్టకు, కట్టేసిన కుక్కకు కోపం ఇంకా పెరుగుతుంది.

అది గుర్రుమంటే తిట్టవద్దు. కరవకముందు అది ఇచ్చే హెచ్చరిక అది. తిట్టి తిట్టి ఆ గుర్రుమనడం మాన్పిస్తే, చప్పుడు లేకుండా కరిచే కుక్క తయారవుతుంది.

పిలిస్తే రావడం పొడవాటి నూలుతాడు కట్టి నేర్పు. దగ్గరికొచ్చిన ప్రతిసారీ దానికి మంచే జరగాలి. స్నానానికీ, తిట్టడానికీ ఎప్పుడూ పిలవకు, నువ్వే వెళ్లి తీసుకురా. ఇది చూపుతో వేటాడే జాతి కూడా. మేకో పిల్లో కదిలిందంటే ఏ పిలుపూ వినదు. ఎంత నేర్చినా బయలు ప్రదేశంలో తాడు విప్పకు.

వ్యాక్సిన్ల కార్డు జాగ్రత్తగా దాచు, రేబిస్ ఇంజెక్షన్ ఏ సంవత్సరమూ తప్పకూడదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆ డెలివరీ కుర్రాడూ ఒకరి బిడ్డే.

చివరగా మా అక్కయ్య, అదే మీ అమ్మ సంగతి. నువ్వు "కూర్చో" అంటావు, మీ ఆవిడ "సిట్" అంటుంది, అక్కయ్యేమో కూర్చున్నా కూర్చోకపోయినా పెరుగన్నం కలిపి పెట్టేస్తుంది. మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించు, అందరూ అవే వాడండి. ఆ పెరుగన్నం గిన్నె రేపటినుంచి చాప దగ్గరే పెట్టమని చెప్పు, సైగ అక్కయ్యనే చేయమను. తాళాల గుత్తి పరీక్ష ఈ ఆదివారమే చేసి, ఏ వైపుకు తిరిగిందో నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య