పదో తరగతి తర్వాత మన చుట్టుపక్కల ఏమున్నాయి?



మొన్నటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో పదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు అడిగారు: "మేడమ్, పాపను ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేర్పిద్దామనుకుంటున్నాం. ఎంపీసీ మంచిదా, బైపీసీనా?" అమ్మాయి పక్కనే కూర్చుంది. తనకి ఇంగ్లీషు, సోషల్ అంటే ఇష్టం. నీకేం కావాలమ్మా అని తనని ఎవరూ అడగలేదు, నేను కూడా. ఆరోజు సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు విజయవాడ సంగతి. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో రాష్ట్ర కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం స్థానిక విద్యార్థులకే. ఈ స్థానికత సొంతూరిని బట్టి రాదు. పిల్లలు ఇంటర్ పూర్తయ్యే దాకా వరుసగా నాలుగేళ్లు, అంటే 9వ తరగతి నుంచి, ఎక్కడ చదివారన్నది ప్రధానంగా చూస్తారు. తొమ్మిది, పది ఇక్కడ చదివి ఇంటర్ పక్క రాష్ట్రంలో చదివితే ఆ లెక్క తెగిపోతుంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో హాస్టల్ ఫీజు కట్టకముందే కనుక్కోండి, కట్టాక కాదు.

ఇక మన చుట్టుపక్కలవి. మియాపూర్, చందానగర్, లింగంపల్లి వైపు ఉండే మనం పెద్ద చదువుల మధ్యే ఉన్నాం. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే జేఎన్‌టీయూ. అందులో బీటెక్ సీటుకి ఎంపీసీ, ఈఏపీసెట్ ర్యాంకు కావాలి. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్తే కందిలో ఐఐటీ ఉంది. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఈ రెండూ అందరికీ తెలిసినవే.

గచ్చిబౌలిలో 1974లో మొదలైన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ గేటు ముందు నుంచి రోజూ వెళ్తూనే ఉంటాం. ఇంటర్ అయ్యాక నేరుగా అక్కడ చేరవచ్చని చాలామందికి తెలియదు. ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ, ఎంఏ కోర్సులున్నాయి. ఎకనామిక్స్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, తెలుగు కూడా చదవొచ్చు. ప్రవేశం సీయూఈటీ ద్వారా. పిల్లలు ఇంటర్ పరీక్షల హడావుడిలో ఉండగానే దరఖాస్తు గడువు వచ్చి వెళ్లిపోతుంది. ఆ తేదీ చూసుకునే పని పెద్దవాళ్లు తీసుకోవాలి.

శామీర్‌పేటలో నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. దానికి క్లాట్ రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. పరీక్ష ఇప్పుడు డిసెంబరులో, అంటే సెకండియర్ మధ్యలోనే జరుగుతోంది. ఇంటర్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే. ప్రశ్నలన్నీ ఇంగ్లీషు పేరాలు చదివి ఆలోచించి రాసేవి. ఇంగ్లీషు టీచర్‌ని కదా, కాస్త పక్షపాతంగా అనిపించినా చెప్తాను: దీనికి కోచింగ్ కన్నా ముందు రోజూ పేపర్ చదివే అలవాటు కావాలి. ఎనిమిదో తరగతిలోనే మొదలుపెట్టవచ్చు.

చేత్తో పని చేయడం ఇష్టపడే పిల్లలకు పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి కాగానే పాలిసెట్ రాస్తే మాసబ్‌ట్యాంక్, రామంతపూర్‌లలోని ప్రభుత్వ కాలేజీల్లో తక్కువ ఫీజుతో మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. "డిప్లొమానా?" అని ముఖం చిట్లించే ముందు ఈ దారిని ఒకసారి లెక్క వేసి చూడండి.

ప్రభుత్వ జూనియర్ కాలేజీ గురించి ఈ న్యూస్‌లెటర్‌లో రాయవచ్చా అని కాసేపు తటపటాయించాను. పైన చెప్పిన పరీక్షల్లో ఏదీ ఇంటర్ ఏ కాలేజీలో చదివావని అడగదు. బోధన ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది, ప్రైవేటులోనూ అంతే. మీ దగ్గర్లోని కాలేజీకి ఒక రోజు వెళ్లి మ్యాథ్స్, ఫిజిక్స్ లెక్చరర్లు ఉన్నారా, ల్యాబ్ తెరుస్తున్నారా అని చూసి రండి. అక్కడ మిగిలే డబ్బు పైచదువుకి పనికొస్తుంది.

ఆ నాన్నగారికి ఫోన్ చేసి క్లాట్ గురించి చెప్పాను. "లాయరా?" అని కాసేపు మాట్లాడలేదు. తర్వాత శనివారం ముగ్గురం వస్తామన్నారు. ఈసారి ముందు అమ్మాయితో మాట్లాడతాను. తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులు ఎవరైనా శనివారం మధ్యాహ్నం లైబ్రరీలో నన్ను కలవవచ్చు. పాపనో, బాబునో తప్పకుండా వెంట తీసుకురండి.