చైన్ నిజంగా సాగుతుందా? పాత కారు ఇంజన్‌లోని గరగర చెప్పే సంగతులు

జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్ ట్రక్కుల కర్మాగారానికి పొరుగునే ఉన్న ప్రాంతం. 1945లో టెల్కోగా మొదలై, నేడు టాటా మోటార్స్‌గా ఉన్న ఆ కర్మాగారం వల్ల ఇక్కడి జనానికి ఇంజన్ల చప్పుడు కొత్త కాదు. అయినా చలికాలం ఉదయం పాత కారు స్టార్ట్ చేయగానే, రేకు డబ్బాలో మేకులు వేసి ఊపినట్టు బానెట్ కింద నుంచి గరగర వినిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అది టైమింగ్ చైన్ చప్పుడే అయితే రెండు రకాలుగా నష్టపోవచ్చు. పట్టించుకోకపోతే ఇంజన్ పాడవుతుంది. కంగారుపడి, ఆయిల్ మార్పుతో పోయేదానికి ఇంజన్ విప్పిస్తే డబ్బు పోతుంది. ఈ రెంటి మధ్య తేడా తెలియాలంటే చైన్ ఎలా పనిచేస్తుందో తెలియాలి.

చైన్ చేసే పని

ఇంజన్ కింది భాగంలో పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్, పైభాగంలో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఉంటాయి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. నిమిషానికి 3,000 చుట్ల వేగంలో ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ లెక్క తప్పకుండా రెండు షాఫ్టులనూ కలిపి తిప్పడానికి మూడు మార్గాలున్నాయి. జంషెడ్‌పూర్‌లో తయారయ్యే కమిన్స్ బి సిరీస్ ట్రక్కు ఇంజన్లలో పళ్లచక్రాలు ఆ పని చేస్తాయి. మారుతి 800లో రబ్బరు బెల్టు ఉండేది. అంబాసిడర్ పాత ఇంజన్‌లోనూ, స్విఫ్ట్, ఇండికా విస్టా కార్లలో వాడిన 1.3 లీటర్ల ఫియట్ డీజిల్ ఇంజన్‌లోనూ చైన్ ఉంటుంది.

చాలా ఇంజన్లలో తెరుచుకున్న వాల్వు, పైకొచ్చిన పిస్టన్ ఒకే చోటును వేర్వేరు క్షణాల్లో వాడుకుంటాయి. చైన్ తెగినా, కొన్ని పళ్లు దాటినా రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగుతాయి, పిస్టన్లు దెబ్బతింటాయి.

సాగుడు కాదు, అరుగుదల

మెకానిక్కులు 'చైన్ సాగింది' అంటారు. సైకిల్ చైన్ విషయంలోనూ మనం వాడే మాట ఇదే. నిజానికి ఉక్కు పలకలు రబ్బరులా సాగవు. 1880లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన బుష్ రోలర్ చైన్ నుంచి నేటి వరకు చైన్ అంటే వరుసగా పేర్చిన కీళ్లే. ప్రతి కీలులో ఒక పిన్ను, దాని చుట్టూ ఒక తొడుగు ఉంటాయి. స్ప్రాకెట్ మీదికి ఎక్కి దిగేటప్పుడల్లా కీలు వంగి, తిరిగి నిటారవుతుంది. ఆ రాపిడిలో పిన్ను, తొడుగు కొద్దికొద్దిగా అరుగుతాయి.

ఉదాహరణకు 8 మి.మీ. లింకులు వంద ఉన్న చైన్ పొడవు 800 మి.మీ. ఒక్కో కీలు 0.04 మి.మీ. అరిగిందనుకుందాం. అది మనిషి వెంట్రుక మందంలో దాదాపు సగమే. కానీ వంద కీళ్లలో కలిపి 4 మి.మీ. అవుతుంది. అంటే చైన్ 0.5 శాతం పొడుగైనట్టు. బిగువుగా ఉండే వైపు చైన్ 320 మి.మీ. ఉంటే అక్కడ 1.6 మి.మీ. పెరుగుతుంది. 18 పళ్ల క్రాంక్ స్ప్రాకెట్ మీద అది 4 డిగ్రీలకు సమానం. వాల్వులు ఆ మేరకు ఆలస్యంగా తెరుచుకుంటాయి. పికప్ తగ్గడానికి, ఐడిల్ నిలకడ తప్పడానికి ఇది ఒక కారణం.

టెన్షనర్‌కు బలం ఆయిలే

మిగిలిన వదులును లాగి పట్టడం టెన్షనర్ పని. ఇందులో స్ప్రింగు, చిన్న పిస్టన్, ఆయిల్‌ను వెనక్కి పోనివ్వని వాల్వు ఉంటాయి. ఆయిల్ పంపు ఒత్తిడితో పిస్టన్ బయటికి జరిగి గైడును చైన్ మీదికి నొక్కుతుంది. ఆయిల్ దాదాపు అణగని ద్రవం కనుక చైన్ కొట్టే దెబ్బలను తట్టుకుంటుంది. ఆయిల్ లేకపోతే స్ప్రింగు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు చైన్ ఊగి గైడుకూ, కవరుకూ తగులుతుంది. గరగర అదే.

చలికి ఈ ఇబ్బంది ఎక్కువవుతుంది. 10డబ్ల్యు-40 రకం ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కంటే 40 డిగ్రీల వద్ద ఆరేడు రెట్లు చిక్కగా ఉంటుంది. 10 డిగ్రీల ఉదయాన ఇంకా చిక్కబడి, పైదాకా చేరడానికి సమయం తీసుకుంటుంది.

చప్పుడు ఎప్పుడు వస్తోంది?

నిర్ధారణలో మొదటి ప్రశ్న ఇదే. రాత్రంతా ఆగిన ఇంజన్ రెండు మూడు సెకన్లు మాత్రమే గరగరలాడి సద్దుమణిగితే, టెన్షనర్‌లోని ఆయిల్ కిందికి దిగిపోయిందని అనుమానించాలి. ఆయిల్ మట్టం తగ్గడం, తప్పు గ్రేడు వాడడం, ఫిల్టర్‌లో ఆయిల్‌ను ఆపే వాల్వు పాడవడం, టెన్షనర్ కారడం ఇందుకు కారణాలు. ముందుగా డిప్‌స్టిక్ చూసి, తయారీదారు చెప్పిన ఆయిల్, మంచి ఫిల్టర్ వేయించి, మళ్లీ వినాలి. తక్కువ ఖర్చుతో తేలే పరీక్ష ఇది.

వేడెక్కిన తర్వాత ఐడిల్‌లో వస్తే ఆయిల్ ఒత్తిడిని గేజితో కొలవాలి. ఒత్తిడి సరిగానే ఉండి చప్పుడు ఆగకపోతే చైన్, గైడ్లు, టెన్షనర్ల వంతు. ఎప్పుడూ వస్తూ ఉంటే, లేదా ఆయిల్ దీపం వెలుగుతుంటే కారును నడపకూడదు.

రెండో ప్రశ్న, ఎక్కడి నుంచి? మెకానిక్ స్టెతస్కోపును టైమింగ్ కవరుకు ఆనించి వినాలి. ఫ్యాను, బెల్టులకు చేతులు, దుస్తులు దూరంగా ఉంచాలి. బయటి బెల్టు తీసి కొన్ని సెకన్లు నడిపినప్పుడు చప్పుడు పోతే తప్పు ఆల్టర్నేటర్, పుల్లీలలో ఉండవచ్చు. వాల్వు టిక్కుటిక్కు లయగా ఉంటుంది, చైన్ గరగరకు లయ ఉండదు. స్కానర్‌లో పి0016 కోడ్ కనిపిస్తే క్రాంక్, క్యామ్ సెన్సర్ల సంకేతాలు పొంతన తప్పాయని అర్థం. సెన్సర్, వైరింగ్ బాగున్నాయని తేలాకే చైన్‌ను అనుమానించాలి.

విప్పితే పూర్తిగా చేయాలి

కవరు తీశాక గైడ్లలో గాడులు, స్ప్రాకెట్ పళ్లలో వంపు, టెన్షనర్ ఎంత బయటికి వచ్చిందో చూడాలి. చైన్ ఒక్కటే మార్చడం పొదుపు కాదు. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ త్వరగా అరుగుతుంది. అందుకే చైన్, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్లు కలిపి మారుస్తారు. గైడు ముక్కలు విరిగి ఉంటే ఆయిల్ పాన్ తీసి, పంపు జాలీని శుభ్రం చేయాలి.

గుర్తులు కలిపి చైన్ వేశాక, టెన్షనర్ పిన్ను లాగిన తర్వాతే ఇంజన్‌ను తిప్పాలి. స్టార్టర్‌తో కాకుండా, చేత్తో, నడిచే దిశలోనే రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ సరిచూడాలి. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతం చేయకూడదు, అది వాల్వు కావచ్చు. కొన్ని ఇంజన్లలో క్రాంక్ స్ప్రాకెట్‌ను జారకుండా పట్టి ఉంచేది పుల్లీ బోల్టు బిగింపు ఒక్కటే. కాబట్టి టార్క్ రెంచితో సర్వీసు మాన్యువల్ చెప్పినంతే బిగించాలి.

కొత్త చైన్ ఎన్నాళ్లు మన్నుతుందన్నది చాలావరకు ఆయిల్ మీదే ఆధారపడుతుంది. మసి, లోహపు పొడి కలిసిన పాత ఆయిల్ ప్రతి కీలులోనూ ఆకురాయిలా పనిచేస్తుంది. సమయానికి ఆయిల్ మార్చడమే కీళ్ల అరుగుదలను నెమ్మది చేసే చవకైన మార్గం.