పక్షుల ఛాయాగ్రహణం

దుక్కి దున్నే పొలంలో నాగలి వెంట తెల్ల కొంగలు నడుస్తూ ఉంటాయి. చాలులో బయటపడే పురుగుల కోసం అవి ఎద్దుల కాళ్ల దాకా వస్తాయి. గేదె వీపు మీద ఎక్కి కూర్చునే కొంగలూ ఉన్నాయి. అయితే అదే పొలంలో ఒక మనిషి పనీపాటూ లేకుండా వాటి వంకే చూస్తూ నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, మందంతా ఒక్కసారిగా లేచిపోతుంది. పక్షికి పశువంటే భయం లేదు. తన మీదే చూపు నిలిపిన మనిషి అంటే భయం. పక్షుల ఫోటోలు తీయడంలోని చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇంగ్లాండుకు చెందిన రిచర్డ్ కియర్టన్, చెర్రీ కియర్టన్ అనే అన్నదమ్ములు ఈ సంగతిని వంద సంవత్సరాలకు పూర్వమే గ్రహించారు. యార్క్‌షైర్ పల్లెలో పుట్టిన వీరు 1892లో ఒక పక్షి గూటిని గుడ్లతో సహా ఫోటో తీశారు. పక్షుల గూళ్లను గురించి వారు 1895లో వెలువరించిన పుస్తకంలోని బొమ్మలన్నీ ఆరుబయట తీసిన ఫోటోలే. అంతకుముందు అటువంటి పుస్తకాలలో చేతితో గీసిన బొమ్మలుండేవి. వాటిని గీసినవారిలో చాలామంది చచ్చిన పక్షిని ఎదురుగా పెట్టుకొని గీసేవారు. కియర్టన్ సోదరులకు బతికి ఉన్న పక్షి కావలసి వచ్చింది. అందుకని 1900లో వారు ఒక ఎద్దు తోలు సంపాదించి, దానిని తేలికైన చట్రానికి తొడిగి, లోపల మనిషీ కెమెరా పట్టేటట్లు ఒక బోలు ఎద్దును తయారు చేశారు. ఆ ఎద్దు పొట్టలో గంటల తరబడి వంగి నిలబడాలి. మన కొంగలు ఎద్దుల పక్కన జంకు లేకుండా తిరగడం చూసినవారికి ఈ ఉపాయం వింతగా తోచదు.

ఎద్దు తోలులో దూరకుండానే దూరపు పక్షిని పెద్దదిగా చూపే సాధనం టెలిఫోటో కటకం. ఇంగ్లాండులో డాల్‌మేయర్ అనే కటకాల నిపుణుడు 1891లోనే ఇటువంటి కటకాన్ని రూపొందించాడు. దీనిలో ముందు భాగం కుంభాకార కటకంలా కాంతిని దగ్గరకు చేరుస్తుంది. వెనుక భాగం పుటాకార కటకంలా పనిచేసి, ఆ కాంతి కిరణాలు కలిసే చోటును వెనక్కు జరుపుతుంది. దీనివల్ల నాభ్యంతరం ఎక్కువగా ఉన్నా, గొట్టం పొడవు అంతకంటే తక్కువగానే ఉంటుంది.

నాభ్యంతరం పెరిగితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఊరపిచ్చుక పొడవు దాదాపు 15 సెంటీమీటర్లు. అది 20 మీటర్ల దూరాన కంచె మీద వాలి ఉందనుకుందాం. 50 మిల్లీమీటర్ల మామూలు కటకంతో తీస్తే దాని ప్రతిబింబం అర మిల్లీమీటరు కూడా ఉండదు. 500 మిల్లీమీటర్ల టెలిఫోటో కటకంతో తీస్తే పది రెట్లు పెరుగుతుంది. అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు! ఫిల్ము మీద ఒక చిత్రానికి ఉండే వెడల్పు 36 మిల్లీమీటర్లు కదా! ఆ నాలుగు దానిలో ఏ మూలకు? పిచ్చుక 5 మీటర్ల దూరానికి వస్తేనే ప్రతిబింబం 15 మిల్లీమీటర్లవుతుంది. పెద్ద కటకం కొంటే చాలు, పక్షి తానే ఫోటోలోకి వచ్చి వాలుతుందనుకునేవారికి ఈ లెక్క కొంచెం నిరాశ కలిగిస్తుంది. ఎంత ఖరీదైన కటకమైనా మొదటి పదిహేను మీటర్ల పని మనిషే చేయాలి.

ఆ పని నడకతో అయ్యేది కాదు, కూర్చోవడంతో అవుతుంది. తెల్లవారక ముందే నీటి ఒడ్డుకు చేరి, ఒక పొద పక్కన కదలకుండా కూర్చుంటే, గంట గడిచేసరికి పక్షులు మనిషిని లెక్కచేయడం మానేస్తాయి. చెకుముకి పిట్ట ఒకే కొమ్మ మీదికి మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ కొమ్మ ఏదో కనిపెట్టినవాడు పిట్ట వెంట పరుగెత్తనక్కర లేదు. కొందరు గోనెపట్టాతోనో ఆకుపచ్చ గుడ్డతోనో మాటు కట్టుకొంటారు. ఆగి ఉన్న కారు కూడా మంచి మాటే. దాని కిటికీ మీద బియ్యమో చిక్కుడు గింజలో నింపిన చిన్న సంచి వేసి, దానిపై కటకాన్ని ఆనిస్తారు. కటకం బరువు ఎక్కువ, పైగా చేతి వణుకు కూడా పది రెట్లై కనిపిస్తుంది. అందువల్ల 500 మిల్లీమీటర్ల కటకానికి సెకనులో 500వ వంతు కంటే ఎక్కువ సేపు తలుపు తెరవరాదని ఒక వాడుక సూత్రం. ఎగిరే పక్షికి 2000వ వంతు కావాలి. ఇక 5 మీటర్ల దూరంలో, కటకం కన్ను బాగా తెరిచి తీసినప్పుడు, స్పష్టంగా పడే మేర రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే. తోక మసకబారినా చూసేవారు సరిపెట్టుకొంటారు గాని, కన్ను మసకబారితే ఆ ఫోటో పనికిరాదు. మధ్యాహ్నం నేల మీది వేడిగాలి అలలలా కదులుతూ దూరపు బొమ్మను చెడగొడుతుంది కాబట్టి ఉదయం, సాయంత్రం వేళలే మేలు.

మద్రాసులో నివసించిన ఎం. కృష్ణన్ (1912–1996) ఈ కళలో మన దేశంలో గొప్ప పేరు పొందినవారు. ఆయనకు నలుపు తెలుపు ఫోటోలంటేనే ఇష్టం. వేర్వేరు కెమెరాల భాగాలను కలిపి తన అవసరానికి తగిన యంత్రాన్ని తయారు చేసుకొని, దానికి ‘సూపర్ పాండెరోసా’ అని వేళాకోళంగా పేరు పెట్టుకొన్నారు. ఖరీదైన పరికరం లేదని బాధపడేవారు ఆ పేరును గుర్తుంచుకోవచ్చు.

ఆ కాలపు ఛాయాగ్రాహకులు ఎక్కువగా గూళ్ల దగ్గరే మాటు వేసేవారు. పక్షి ఎక్కడికి పోయినా గూటికి తిరిగి వస్తుంది, దూరం ముందే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఎరిక్ హాస్కింగ్ 1937లో ఒక రాత్రి గుడ్లగూబ గూటి దగ్గరున్న తన మాటుకు వెళుతుండగా, ఆ పక్షి ముఖం మీద దాడి చేసింది. ఆయన ఎడమ కన్ను పోయింది. అయినా మరో యాభై ఏళ్లు ఒంటి కన్నుతోనే పక్షుల ఫోటోలు తీశాడు. ఇక్కడ నష్టపోయినవాడు మనిషి. ఎక్కువసార్లు నష్టపోయేది పక్షే. తీతువు పిట్ట ఎండలో, కటిక నేల మీద, రాళ్లలో రాయిలా కనిపించే గుడ్లు పెడుతుంది. ఎండ మండే రోజుల్లో తల్లి తన పొట్ట ఈకలను నీటిలో తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మంచి బొమ్మ కోసం ఒకరు అక్కడే నిలబడితే అది దూరంగా అరుస్తూ తిరుగుతుందే తప్ప గుడ్లను చేరదు. ఈలోగా గుడ్లు మాడిపోతాయి. వెలుతురు కోసం గూటికి అడ్డమున్న ఆకులు తుంచితే, కాకికి దారి చూపినట్లే. అందుకే ఈనాడు చాలా పోటీలలో గూళ్ల ఫోటోలను స్వీకరించడం లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా చేరి ఉంది. తుపాకీ పట్టకపోయినా వేటగాడు కావచ్చునన్నమాట!

గూళ్లను కదిలించకుండా చూడదగిన చోట్లకు కొదవ లేదు. శ్రీరంగపట్టణం దగ్గరి రంగనతిట్టులో పడవ మీద నుంచే కొంగలను ఫోటో తీయవచ్చు. తమిళనాట వేడంతాంగల్ చెరువును చుట్టుపక్కల రైతులే తరతరాలుగా కాపాడుతున్నారు. పక్షుల రెట్టతో కలిసిన ఆ నీరు వారి పొలాలకు ఎరువు. ఒడిశాలో చిలికా, యానాం పక్కన కోరింగ మడ అడవులు ఉన్నాయి. కర్ణాటకలోని కొక్కరెబెళ్లూరులో గూడబాతులు ఊరి నడుమ, ఇళ్ల మధ్యనున్న చెట్ల మీదే గూళ్లు కడతాయి. అక్కడ పెద్ద కటకంతో పనే లేదు.

చలికాలంలో కర్ణాటక చెరువులకు తలపై రెండు నల్లని చారలున్న బాతులు వస్తాయి. ఇవి హిమాలయాలను దాటి వచ్చే పక్షులు. వాటిలో కొన్నింటి మెడకు రంగు పట్టీ, దానిపై అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒడ్డు నుంచి కంటికి పట్టీ ఉన్నట్లే తెలియదు. టెలిఫోటో కటకంతో తీసిన బొమ్మను పెద్దది చేసి చూస్తే ఆ గుర్తు చదవవచ్చు. అలా చదివినప్పుడే కొన్ని బాతులకు ఆ పట్టీని మంగోలియాలో వేశారని తెలిసింది. అందుకే అనుభవం ఉన్నవారు ప్రతి ఫోటోకూ తేదీ, చెరువు పేరు, వేళ రాసి పెట్టుకొంటారు.

పదాలు – అర్థాలు

మాటు : పొంచి ఉండే చోటు
నాభ్యంతరం : కటకానికీ, దాని నాభికీ మధ్య దూరం
బోలు : లోపల ఖాళీగా ఉన్నది

ఆలోచించి చెప్పండి

1. పిచ్చుక 10 మీటర్ల దూరంలో ఉంటే 500 మిల్లీమీటర్ల కటకంతో దాని ప్రతిబింబం ఎంత ఉంటుంది?
2. తీతువు పిట్ట అరుపును బట్టి ఛాయాగ్రాహకుడు ఏమి గ్రహించాలి?
3. మీ ఊరి చెరువుకు వచ్చే పక్షుల పేర్లను ఇంట్లో పెద్దలనడిగి, తెలుగులోనూ మీ ప్రాంతపు భాషలోనూ రాయండి.