కళ్యాణదుర్గం కంప్యూటరుకు హైదరాబాదు వైద్యం

పిల్లలూ! బోరుబావి ఉన్న ఇంటివారైతే మీకు మొబైల్ స్టార్టరు సంగతి వేరే చెప్పనక్కరలేదు. మన అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లు. కాబట్టి నీళ్ళు భూమి అడుగు నుంచి తోడుకోవలసిందే. తోడే మోటారుకు కరెంటు మాత్రం మనకు కావలసినప్పుడు కాక, ఇచ్చినప్పుడు వస్తుంది. రాత్రిపూట త్రీఫేజు కరెంటు ఇచ్చిన రోజుల్లో రైతులు టార్చిలైటు పట్టుకుని, గట్ల మీద పాముల్ని తప్పించుకుంటూ, తడి కాళ్ళతో స్టార్టరు డబ్బా దగ్గరికి పోయేవారు. షాకు కొట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

ఇప్పుడు ఆ డబ్బాలో చాలాచోట్ల సిమ్‌కార్డు ఉన్న చిన్న పరికరం ఒకటి అమరుస్తున్నారు. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని దానికి ఫోను చేస్తాడు. తన దగ్గర రాసిపెట్టి ఉన్న నంబరు అయితేనే ఆ పరికరం పలుకుతుంది. రైతు ఒక అంకె నొక్కితే మోటారు తిరుగుతుంది, ఇంకో అంకె నొక్కితే ఆగుతుంది. ఫోనులో మీరు 1 నొక్కినప్పుడు 'టీ' మని వినిపించేది ఒక శబ్దం కాదు, రెండు. సెకనుకు 697 కంపనాలది ఒకటి, 1209 కంపనాలది ఇంకొకటి. ప్రతి అంకెకూ ఇలాంటి ఒక జంట ఉంది. మనిషి గొంతు పొరపాటున అలాంటి జంటను పలకడం అరుదు. అందుకే పక్కన ఎవరో మాట్లాడినంత మాత్రాన మోటారు తిరగదు.

ఇంతేకాదు, బోరులో నీళ్ళు అయిపోతే మోటారు మీద బరువు తగ్గి, అది తీసుకునే కరెంటు కూడా తగ్గుతుంది. పరికరం ఆ తగ్గుదలను కనిపెట్టి, మోటారు కాలిపోకముందే ఆపేసి, రైతుకు కబురు పంపుతుంది. చూశారా! ఎవరు అడుగుతున్నారో గుర్తుపట్టడం, ఏం చేయమంటున్నారో వినడం, చేసినదాన్ని తిరిగి చెప్పడం. దూరం నుంచి ఏ యంత్రాన్ని నడపాలన్నా ఈ మూడూ కావాలి.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం. కళ్యాణదుర్గంలో ఒక మీసేవ కేంద్రం ఉందనుకోండి. పంటల బీమాకు రేపే ఆఖరి రోజు. బయట చెనిక్కాయ రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. లోపల వేలిముద్ర యంత్రం మొండికేసింది. దాని సంగతి తెలిసిన సాంకేతిక నిపుణుడు హైదరాబాదులో ఉన్నాడు. ఆయన బస్సెక్కి వచ్చేసరికి తెల్లవారుతుంది. అందుకని ఫోనులోనే అంటాడు: “అన్నా, నీ తెర మీద తొమ్మిది అంకెలు కనిపిస్తున్నాయి కదా, అవి చెప్పు.” ఇతను చెబుతాడు. “ఇప్పుడు 'అంగీకరిస్తున్నాను' అనే చోట నొక్కు.” నొక్కుతాడు. అంతే! కళ్యాణదుర్గం తెర మీది బాణం గుర్తు ఎవరూ ముట్టుకోకుండానే కదలడం మొదలుపెడుతుంది. పది నిమిషాల్లో వరుస కదులుతుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. ఈ పని చేసేదాన్ని రిమోట్ యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అంటారు. మోటారుకైతే ఆన్, ఆఫ్ అని రెండే పనులు. కంప్యూటరుకు వేల పనులున్నాయి. తెర కనిపించకుండా దానికి వైద్యం చేయలేము. కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ అటు నుంచి ఇటు బొమ్మను తేవాలి, ఇటు నుంచి అటు వేలిని పంపాలి.

బొమ్మ ఎలా వస్తుంది?

మామూలు కంప్యూటరు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. గుణిస్తే 20,73,600. ఒక్కో చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకు దాదాపు 5 కోట్ల బిట్లు! సెకనుకు 30 బొమ్మలు పంపాలంటే 150 కోట్లు. ఆ ఊరి ఇంటర్నెట్టు తీగ సెకనుకు ఒక కోటి బిట్లు మోయగలదనుకుందాం. అప్పుడు ఒక్క బొమ్మ చేరడానికే 5 సెకన్లు పడుతుంది. నిపుణుడు బాణం గుర్తును కదిపి, అది కదిలిందో లేదో చూడటానికి అంతసేపు కాచుకోవాలి. అలా వైద్యం సాగదు.

మరి కిటుకేమిటి? మొత్తం బొమ్మను ఒకే ఒక్కసారి పంపుతారు. ఆ తరువాత మారినదాన్ని మాత్రమే పంపుతారు. మీరు తెర మీద ఒక అక్షరం కొట్టారనుకోండి. అడ్డం 10, నిలువు 20 చుక్కల చోటు మాత్రమే మారింది. 200 చుక్కలు, 4,800 బిట్లు. పై తీగ మీద అది సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా వెళ్ళిపోతుంది. తెల్ల కాగితంలాంటి చోటుకైతే 'తెలుపు, తెలుపు, తెలుపు' అని వెయ్యిసార్లు చెప్పకుండా, 'ఇక్కడి నుంచి వెయ్యి చుక్కలు తెలుపు' అని ఒక్క మాటలో చెప్పేస్తుంది సాఫ్ట్‌వేర్. నాకు అన్నిటికన్నా నచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. మీరు పేజీని పైకి జరిపినప్పుడు తెరంతా మారినట్టే కనిపిస్తుంది కదా? నిజానికి ఉన్న బొమ్మే పైకి జరిగింది, అడుగున ఒక పట్టీ మాత్రం కొత్తగా వచ్చింది. అందుకని 'నీ దగ్గరున్న బొమ్మను ఇంత పైకి జరుపుకో' అని ఆజ్ఞ పంపి, ఆ పట్టీని మాత్రం కొత్తగా పంపితే సరిపోతుంది. 1990ల చివర్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక పరిశోధనశాలవారు తయారుచేసిన వి.ఎన్.సి. అనే సాఫ్ట్‌వేర్ ఈ ఉపాయాన్ని వాడింది.

వేలు ఎలా వెళుతుంది?

ఇది చాలా తేలిక. హైదరాబాదులో నిపుణుడు 'క' నొక్కితే, 'క నొక్కారు' అన్న చిన్న కబురు బయలుదేరుతుంది. మౌసు నొక్కితే, 'అడ్డం 640, నిలువు 212 దగ్గర నొక్కారు' అన్న కబురు. కళ్యాణదుర్గంలో ఉన్న సాఫ్ట్‌వేర్ దాన్ని అందుకుని, అక్కడి కీబోర్డు, మౌసుల నుంచి వచ్చే సంకేతాల వరుసలోనే చేర్చేస్తుంది. లోపలున్న మిగతా ప్రోగ్రాములకు, ఈ నొక్కుడు ఎదురుగా కూర్చున్నవాడిదా, వందల కిలోమీటర్ల అవతల ఉన్నవాడిదా అన్న తేడా మామూలుగా తెలియదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

మనిషి ఒకచోట, లెక్కకట్టే యంత్రం ఇంకోచోట ఉండటం కొత్త సంగతి కాదు. 1940 సెప్టెంబరు 11న అమెరికాలో జార్జ్ స్టిబిట్జ్ అనే ఆయన హానోవర్ పట్టణంలో గణిత శాస్త్రజ్ఞుల సభలో ఒక టెలిటైపు యంత్రాన్ని పెట్టించి, టెలిఫోను తీగ మీదుగా న్యూయార్కులో ఉన్న తన గణన యంత్రానికి లెక్కలు పంపించి చూపాడు. జవాబులు టెలిటైపు మీద అచ్చై వచ్చాయి.

ఒకరినొకరు ఎలా కనుక్కుంటారు?

ఇంటర్నెట్టులో ఉన్న ప్రతి ఇంటికీ, కార్యాలయానికీ గుమ్మం దగ్గర రౌటరు అనే పెట్టె కాపలా ఉంటుంది. లోపలివారు అడిగినదానికి వచ్చిన జవాబును అది లోపలికి వదులుతుంది. అడగకుండా వచ్చినదాన్ని ఆపేస్తుంది. అలాంటప్పుడు హైదరాబాదు కంప్యూటరు నేరుగా కళ్యాణదుర్గం తలుపు తట్టలేదు. ఇద్దరు మిత్రులు ఒకరింటికి ఒకరు పోలేకపోతే ఏం చేస్తారు? “అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గరికి రా, అక్కడ కలుద్దాం” అనుకుంటారు. ఇక్కడా అంతే. రెండు కంప్యూటర్లూ తమంతట తాము బయటికి వెళ్ళి, మధ్యలో ఉన్న ఒక సర్వరు దగ్గర కలుసుకుంటాయి. ఆ తొమ్మిది అంకెలు 'నేను కలవవలసింది ఎవరిని' అని సర్వరుకు చెప్పే గుర్తు. మధ్యవాళ్ళు చదవకుండా కబుర్లన్నిటికీ గణితంతో తాళం వేస్తారు. బహిరంగంగా మాట్లాడుకుంటూనే ఇద్దరు ఒక రహస్య తాళంచెవిని తయారుచేసుకునే ఉపాయాన్ని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించారు. పదో తరగతివారికి అది అందే గణితమే. ఇంకోసారి చెప్పుకుందాం.

'అమెరికాలో ఉన్న మా అన్న కూడా ఇలా చేయగలడా, సార్?' అని అడుగుతారు పిల్లలు. చేయగలడు. గాజుతీగలో వెలుగు సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. డల్లాసుకు సముద్రం అడుగున కేబుల్ దారి 20,000 కిలోమీటర్లు అనుకుంటే, పోవడానికి సెకనులో పదో వంతు, రావడానికి ఇంకో పదో వంతు. బాణం గుర్తు కాస్త బద్ధకంగా కదిలినట్టుంటుంది, అంతే. అదే 1977లో బయలుదేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక సంగతి చూడండి. 2023 నవంబరులో దాని లోపలి కంప్యూటరు అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. జ్ఞాపక భాగంలో ఒక చిప్పు పాడైంది. నౌక అప్పటికి 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక కబురు చేరడానికే 22 గంటలన్నర! నాసా ఇంజనీర్లు పాడైన చోట ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, మంచిగా ఉన్న చోట్ల సర్దమని 2024 ఏప్రిల్ 18న ఆజ్ఞ పంపారు. పనిచేసిందన్న జవాబు 20వ తేదీన వచ్చింది. అక్కడ చూడటానికి తెర లేదు, దిద్దడానికి బాణం గుర్తూ లేదు.

తాళంచెవి మీ చేతిలోనే ఉంది

ఇప్పుడు నేను గుర్తుపెట్టుకోమన్న మాటకు వద్దాం. నొక్కింది ఎవరి వేలో ప్రోగ్రాములకు తెలియదు. దారికి ఎంత గట్టి తాళం వేసినా, ఆ తాళం దారిలో పొంచి ఉన్న దొంగను ఆపుతుందే కాని, మీరే పిలిచి కూర్చోబెట్టినవాణ్ణి ఆపదు.

మోసగాళ్ళు చేసేది సరిగ్గా ఇదే. “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఖాతా ఆగిపోతుంది, ఈ యాప్ వేసుకోండి, అంకెలు చెప్పండి” అంటారు. చెప్పామా, మన ఫోను తెర వాళ్ళకు కనిపిస్తుంది. బ్యాంకు పంపిన ఓటీపీ తెర మీదికి రాగానే వాళ్ళూ చదువుతారు. మనం నోరు విప్పి చెప్పనక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు ఇలాంటి మోసాల గురించి ఎనీడెస్క్ అనే యాప్ పేరు చెప్పి మరీ హెచ్చరించింది. యాప్‌లో దోషం ఉందని కాదు. కళ్యాణదుర్గం రైతుల వరుసను కదిలించిందీ అలాంటిదే. తేడా అంతా ఎవరు ఎవరికి ఫోను చేశారన్నదానిలో ఉంది. మీసేవవారు తమకు తెలిసిన నిపుణుడికి తామే ఫోను చేశారు. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాడు మన ఇంటికి ఫోను చేశాడు.

ఇంట్లో అమ్మో, తాతయ్యో అలా అంకెలు చెప్పేశారనుకోండి. కోప్పడుతూ కూర్చోకండి. మొట్టమొదట ఇంటర్నెట్టు తెంచండి. ఫోనులో ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. కంప్యూటరైతే తీగ పీకేయండి, వైఫై అయితే రౌటరు ఆపేయండి. దారి తెగితే బొమ్మా రాదు, వేలూ పోదు. తరువాత వేరే ఫోనులోంచి బ్యాంకుకూ, సైబరు నేరాల సహాయ నంబరు 1930కీ చెప్పండి. ఆ యాప్‌ను తీసేసిన తరువాతే మళ్ళీ ఇంటర్నెట్టు కలపండి. కొన్నిటిలో శాశ్వత రహస్యపదం పెట్టుకుని, యజమాని దగ్గర లేకపోయినా లోపలికి వచ్చే వీలు ఉంటుంది. తీసేయకపోతే తలుపు తెరిచి ఉన్నట్టే. సంకేతపదాలన్నీ కూడా మార్చాలి.

తరగతిలో చేసి చూడండి

రెండు కాగితాల మీద 8 అడ్డం, 8 నిలువు, మొత్తం 64 గళ్ళు గీయండి. ఒకరు 'కంప్యూటరు'. తన కాగితంలో కొన్ని గళ్ళు నల్లగా నింపి ఒక మూల కూర్చోవాలి. ఇంకొకరు 'నిపుణుడు'. ఖాళీ కాగితంతో ఎదుటి మూల కూర్చోవాలి. మూడోవారు చీటీలు మోయాలి. మొదట 64 గళ్ళ రంగులూ రాసి పంపండి. ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తరువాత 'కంప్యూటరు' రెండు గళ్ళు మార్చి, ఆ రెండిటి సంగతే చీటీలో పంపాలి. ఆ సమయం కూడా రాసుకోండి. ఇక 'నిపుణుడు' ఆజ్ఞలు పంపడం మొదలుపెట్టాలి: '5వ వరుస, 3వ గడి నలుపు చెయ్యి' అని. 'కంప్యూటరు' మారు మాట్లాడకుండా చేయాలి.

నాలుగు చీటీలు పోయాక, 'కంప్యూటరు' చూడకుండా నిపుణుడి కుర్చీలో ఇంకో పిల్లవాణ్ణి కూర్చోబెట్టండి. అతను కూడా అచ్చం అలాగే, అంకెలు మాత్రమే వేసి నాలుగు చీటీలు పంపాలి. అయిపోయాక 'కంప్యూటరు'ను అడగండి: మనిషి మారింది ఎన్నో చీటీ దగ్గర?