చందనానికి ఎడారి చుట్టం: క్వాండాంగ్ చెట్టు నేర్పే ఋణం పాఠం

చందనం గురించిన మన వీడియోకి కొనసాగింపుగా, ఈ రోజు చందనానికి దగ్గరి చుట్టమైన ఒక చెట్టు గురించి చెప్తాను. ఇది మన దేశంలో పుట్టింది కాదు, ఆస్ట్రేలియా ఎడారిది. పేరు క్వాండాంగ్.

సింహాచలం అప్పన్న ఒంటి మీద దాదాపు ఏడాది పొడవునా ఉండే చందనం, ఈ క్వాండాంగ్, రెండూ 'శాంటలం' అనే ఒకే ప్రజాతి చెట్లు. ఆ మాటకి మూలం కూడా మన 'చందన' శబ్దమే!

క్వాండాంగ్ పండు ఎర్రగా, పుల్లగా ఉంటుంది. అక్కడి ఆదివాసులు తాజాగా తింటారు, ఎండబెట్టి దాచుకుంటారు. లోపలి గట్టి టెంక పగలగొడితే నూనె ఉండే పప్పు వస్తుంది. దాన్నీ తింటారు. ఈమూ పక్షులు పండ్లని మింగి, టెంకల్ని దూరంగా తీసుకెళ్లి వదులుతాయి.

మరి నీళ్లే దొరకని చోట ఈ చెట్టు ఎలా బతుకుతోంది? తన ఆకులతో ఆహారం తానే తయారు చేసుకుంటుంది. కానీ నీళ్లు, లవణాల కోసం పక్క మొక్కల వేళ్లని తన వేళ్లతో పట్టుకుని పీల్చుకుంటుంది. మన చందనమూ అంతే. అందుకే చందనం మొక్క పక్కన రైతులు కంది లాంటివి వేస్తారు.

ఇక్కడే నాకు తైత్తిరీయ సంహిత చెప్పే మూడు ఋణాలు గుర్తొస్తాయి. ఋషి ఋణం బ్రహ్మచర్యంతో, అంటే గురువు దగ్గర చేసే వేదాధ్యయనంతో తీరుతుంది. దేవ ఋణం యజ్ఞంతో, పితృ ఋణం సంతానంతో తీరుతాయి. గమనించారా? అమ్మానాన్నలు పెంచిన అప్పుని, మన తర్వాత వాళ్లని పెంచి తీర్చాలట. క్వాండాంగ్ కూడా నీళ్లు తీసుకున్నది పక్క మొక్క దగ్గర, పండు పెడుతున్నది ఎవరో దారిన పోయే పక్షికి!

ఉద్యోగం వచ్చాక "నా కాళ్ల మీద నేను నిలబడ్డాను" అంటాం. సంతోషమే. కానీ ఆ కాళ్ల కింద ఎవరి వేళ్లు ఉన్నాయి? ఫీజు కట్టిన నాన్న, డౌట్లు తీర్చిన మాస్టారు, సిటీకి కొత్తలో రూంలో చోటిచ్చిన ఫ్రెండ్... వాళ్లలో కొందరికి తిరిగి ఇచ్చే అవకాశం కూడా మనకి ఉండకపోవచ్చు.

అందుకే ఈ వారం చిన్న సాధన. చందనం బొట్టు పెట్టుకునేటప్పుడు అలాంటి ఒక్కరిని తలుచుకోండి. వాళ్లు మీకు చేసిన సాయమే, ఈ వారంలోనే, మీకన్నా చిన్నవాళ్లు ఒకరికి చేయండి.

శుభం భూయాత్!