తాడు ముడుల్లో బొమ్మలు

నులక మంచం అల్లడం మీరు చూసే ఉంటారు. కొందరు అల్లి కూడా ఉంటారు. లాగి బిగించిన తాడు ఎంత గట్టిగా నిలుస్తుందో అల్లిన చేతికి తెలుసు. అలాంటి తాడుతోనే ఒక స్త్రీ మనిషిని మించిన ఎత్తున బొమ్మలు చేసింది. ఆమె పేరు మృణాళినీ ముఖర్జీ.

ఆమె 1949లో బొంబాయిలో పుట్టింది. తల్లి లీలా, తండ్రి వినోద్ బిహారీ. ఇద్దరూ కళాకారులే. 1956లో కంటి ఆపరేషన్ వికటించి తండ్రికి చూపు పోయింది. అయినా ఆయన పని మానలేదు. చేతితో తడిమి తడిమి బొమ్మలు చేశాడు.

మృణాళిని బరోడాలో చదువుకుంది. అక్కడ కె.జి. సుబ్రమణ్యన్ ఆమెకు గురువు. పల్లె చేతిపనులంటే ఆయనకు ఎంతో గౌరవం. చదువు ముగిసే రోజుల్లోనే ఆమె నారతాడు చేతబట్టింది.

తాడుకు రంగు వేసేది. ఇనుప చట్రం నిలబెట్టి, దాని చుట్టూ ముడులు వేసేది. మగ్గం లేదు. ముందుగా కాగితం మీద గీసుకోవడమూ లేదు. ముడి మీద ముడి పడేకొద్దీ రూపం తేలేది. ఒక్కో బొమ్మకు నెలలు పట్టేది. 1979లో నాగదేవత, 1984లో యక్షి చేసింది. పేర్లు దేవతలవే, కానీ అవి పూజకు చేసినవి కావు. దగ్గరికెళ్లి చూస్తే పువ్వు రేకుల్లా, చీర కుచ్చిళ్లలా మడతలు కనిపిస్తాయి.

శిల్పమంటే రాయి, కంచు అని చాలామంది నమ్మకం. తాడు పని చేతిపని కిందికే వస్తుందని వాళ్ల లెక్క. మంచానికి ముడి వేస్తే కూలి, బొమ్మకు వేస్తే కళ! ఈ తేడా ఎవరు పెట్టారో మరి.

1994లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆమె బొమ్మలు ప్రదర్శించారు. 2015 జనవరిలో ఢిల్లీలో పెద్ద ప్రదర్శన పెట్టారు. అది మొదలైన కొద్ది రోజులకే, ఫిబ్రవరిలో ఆమె చనిపోయింది. 2019లో న్యూయార్క్ వాళ్లూ ఆ బొమ్మలు చూశారు.

ఆఫ్రికాలో ఇంకొకాయన ఉన్నాడు. పేరు ఎల్ అనాట్సుయి. పుట్టింది ఘానాలో, పని చేసింది నైజీరియాలో. పారేసిన సారా సీసా మూతలను చదును చేయించి, రాగి తీగతో కుట్టించి, గోడంత దుప్పట్లు తయారు చేశాడు. ఒకప్పుడు తెల్లవాళ్లు అక్కడ సారా ఇచ్చి మనుషులను బానిసలుగా కొన్నారు. ఆ మూతల వెనక ఆ కథ కూడా ఉంది.

మీరూ చేసి చూడండి

పాత తాళ్లు చాలు. ఇనుప తీగను గాజులా వంచండి. రెండు తాళ్లను సగానికి మడిచి తీగకు తగిలించండి. నాలుగు పోగులు వేలాడతాయి. నడిమి రెండూ కదలకూడదు. ఎడమ పోగును వాటి మీదుగా తెచ్చి, కుడి పోగు కిందుగా తీయండి. కుడి పోగును నడిమి వాటి వెనకగా తీసుకెళ్లి, ఎడమ పక్క సందులోంచి పైకి లాగండి. రెండోసారి ఇదే పని కుడివైపు నుంచి చేయండి. ముడి చదునుగా కూర్చుంటుంది. ప్రతిసారీ ఒకే వైపు నుంచి వేస్తే పట్టీ మెలితిరుగుతుంది. పాము బొమ్మ చేయాలనుకుంటే ఆ మెలి కూడా పనికొస్తుంది.