గాజుపాత్రలో కణితి

హైదరాబాదు పాతబస్తీ వాసులు జబ్బుపడితే నయాపూల్ మీదుగా మూసీ దాటి ఉస్మానియా ఆసుపత్రికి వెళ్ళడం తరతరాలుగా జరుగుతున్నదే. ఆ ఆసుపత్రికి సమీపాన నాంపల్లిలో ఒకప్పుడు పనిచేసి, నేడు ఉప్పల్‌లో ఉన్న పరిశోధన సంస్థ డి.ఎన్.ఎ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం. అక్కడి శాస్త్రజ్ఞుడు మురళీధరన్ బాష్యం బృందం 2014లో ప్రకటించిన ఒక పరిశోధన ఆలోచింపదగినది.

పెద్దప్రేగు కేన్సర్ ప్రధానంగా వయసు మళ్ళినవారి వ్యాధి. కణం ఎప్పుడు విభజన చెందాలో తెలిపే సంకేత వ్యవస్థలలో 'వింట్' ఒకటి. పాశ్చాత్య రోగులలో అత్యధికుల కణితులలో ఇది అదుపు తప్పి ఉంటుంది. పాఠ్యగ్రంథాలు చెప్పేదీ ఇదే. కాని మన దేశంలో చిన్నవయసులోనే ఈ వ్యాధి బారిన పడిన అనేకుల కణితులలో ఆ వ్యవస్థ ఉద్రిక్తమైనట్లు కనిపించలేదు. వ్యాధి పేరు ఒకటే, నడచిన దారి వేరు. అటువంటప్పుడు పరదేశీయుల కణితులపై పరీక్షించిన మందు మనవారికీ అట్లే పనిచేస్తుందని ఎట్లా నమ్మడం? రోగి కణితినే పరీక్షించే వీలున్నదా?

ఉన్నది. అందుకు సాధనం ఆర్గనాయిడ్, అనగా సూక్ష్మావయవం. 2009లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో, హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాలలో, తోషిరో సాటో ఎలుక ప్రేగులోని ఒక్క మూలకణం నుండి ప్రేగు పొరను పోలిన నిర్మాణాన్ని పెంచాడు. 2011 నాటికి మానవుల కేన్సర్ కణాలతోనూ ఇది సాధ్యమయింది. శస్త్రచికిత్సలో తీసిన చిన్న ముక్కను కణాలుగా విడదీసి, మెత్తని జిగురు వంటి పదార్థంలో నిలిపి, పెరుగుదలకు కావలసిన మాంసకృత్తులను అందిస్తారు. పాత పద్ధతిలో కణాలు పాత్ర అడుగున పలుచగా పరచుకొనేవి. ఇందులో అన్ని దిశలా పెరిగి, మాతృకణితి పోలికను, జన్యులోపాలను చాలవరకు నిలుపుకొంటాయి. విశ్వామిత్రుని ప్రతిసృష్టి గుర్తుకు రావచ్చు గాని, ఇక్కడ మానవుడు సృష్టించినది ఏమీ లేదు. కణం తనకు తెలిసిన విద్యనే ప్రదర్శిస్తుంది.

ఆరోగ్యవంతమైన పెద్దప్రేగు కణాలు వింట్ మాంసకృత్తు అందనిదే పాత్రలో పెరగవు. ఆ వ్యవస్థ అదుపు తప్పిన కణితి దానిని అందించకపోయినా పెరుగుతుంది. కనుక పాత్రలో పోసే ద్రవాన్ని మార్చి చూస్తే, కణితి దేనిపై ఆధారపడి బ్రతుకుతున్నదో తెలుస్తుంది.

ఇక మందుల మాట. జీర్ణవ్యవస్థ కేన్సర్ ఇతర అవయవాలకు వ్యాపించిన రోగుల ఆర్గనాయిడ్లపై లండన్ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన 2018లో వెలువడింది. ఆర్గనాయిడ్‌పై పనిచేయని మందు రోగికీ పనిచేయలేదు. ఆర్గనాయిడ్‌పై పనిచేసిన మందు 88 శాతం సందర్భాలలో రోగికీ పనిచేసింది. నిష్ఫలమైన మందుల బాధనుండి రోగిని తప్పించడం చిన్న మేలు కాదు.

అయితే ఈ సూక్ష్మావయవంలో సహజంగా రక్తనాళాలు గాని, రోగనిరోధక కణాలు గాని ఉండవు. పెరగడానికి వారాలు పడుతుంది. కొన్ని కణితులు పెరగనే పెరగవు. 2023లో భారత ప్రభుత్వం నూతన ఔషధ నియమాలను సవరించి, జంతువులకు బదులు ఆర్గనాయిడ్ల వంటి పద్ధతులతో మందులను పరీక్షించడానికి అవకాశం కల్పించింది. విచిత్రమేమంటే, అనేక ప్రయోగశాలలలో కణాలను నిలిపే ఆ జిగురు పదార్థం ఇప్పటికీ ఎలుక కణితి నుండి తీసినదే.